‘కరెంటు పోతే’ అనే గడి: నా బీఎడ్ ఇంటర్న్‌షిప్ అనుభవం

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. బీఎడ్ చదివిన రెండేళ్లలో కాలేజీకి వెళ్లే ప్రతి రోజూ అలాగే మొదలయ్యేది. పంటు మీద బైకుల మధ్య నిలబడి, సంచిలో చార్టులు నలిగిపోకుండా గుండెలకి ఆనించుకుని దాటేదాన్ని. కాలేజీ ఆ ఒడ్డున, ఇంటర్న్‌షిప్‌కి ఇచ్చిన జిల్లా పరిషత్ హైస్కూలు మా ఒడ్డున. రెండో ఏడాది వచ్చేసరికి చార్టులతో పాటు ఆ సంచిలోకి ఒక పెన్‌డ్రైవ్, ఒక పాత ఫోను కూడా చేరాయి. ఇప్పుడు మా జూనియర్లు ఫోన్ చేసి “అక్కా, ఐసీటీ లెసన్ ఎలా చేశావు? ఏ వీడియో పెట్టావు?” అని అడుగుతున్నారు. ఐసీటీ అంటే కంప్యూటరు, తెర, ఫోను లాంటి వాటితో పాఠం చెప్పడం. ఏ వీడియో పెట్టాలన్న ప్రశ్న దగ్గరే నేనూ మొదలయ్యాను. అక్కడి నుంచి ఎలా కదిలానో వివరంగా రాస్తున్నాను.

ముందు కాలేజీ సంగతి. టీచర్ల చదువుకి నియమాలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతో, 2015 నుంచి బీఎడ్ రెండేళ్లయింది. స్కూల్లో గడపాల్సింది మొత్తం 20 వారాలు, అందులో 16 రెండో ఏడాదిలో. ఐసీటీ కూడా చదవాల్సిన కోర్సుల్లో ఒకటి. కాగితం మీద అంతా బాగుంది. మా ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు ఏడు, మేము ముప్పై మందికి పైనే. వర్డ్‌లో మార్కుల జాబితా, పవర్‌పాయింట్‌లో పది స్లైడ్లు చేసి, ప్రింట్ తీసి రికార్డులో అతికించాం. ఆ పది స్లైడ్లతో పదిమంది పిల్లల ముందు ఒక్కసారైనా నిలబడమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. బాధగానే చెబుతున్నాను. రికార్డుకి పెట్టిన గంటల్లో సగం అలా నిలబడటానికి ఇచ్చి ఉంటే నా మొదటి నెల పిల్లలకి నష్టం కాకుండా ఉండేది.

పరీక్షలో ‘టీప్యాక్’ గురించి రాశాను. పాఠ్యాంశం తెలియడం వేరు, దాన్ని ఎలా బోధించాలో తెలియడం వేరు, ఆ రెండూ కలిసినచోటే టీచరు ఉంటాడని 1986లో అమెరికా విద్యావేత్త షుల్మన్ చెప్పాడు. దానికి టెక్నాలజీని చేర్చి మిశ్రా, కోలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో మూడు వృత్తాల బొమ్మ ఇచ్చారు. అదే టీప్యాక్. బొమ్మ చక్కగా గీశాను, మార్కులు వచ్చాయి. అర్థమైంది మాత్రం, పాఠం ఎలా చెప్పాలో మాకు నేర్పే మెథడ్ మేడమ్ చెప్పిన పులస మాటతోనే.

“పులస కొనడం తెలిసినవాళ్లందరికీ పులుసు పెట్టడం వస్తుందా?” అని అడిగారు ఒకరోజు. రాదండి అన్నాం. “పులుసు బాగా పెట్టే ఆవిడకి కట్టెల పొయ్యి, మట్టిదాక అలవాటు. ఆవిడని ఇండక్షన్ స్టవ్ ముందు నిలబెట్టారనుకోండి. మట్టిదాక దాని మీద వేడెక్కదు. పొయ్యి మారితే గిన్నె మారాలి. గిన్నె మారితే సెగ ఎంతసేపు పెట్టాలో కూడా మారుతుంది. చేప మాత్రం అదే.” చేప పాఠం, వండటం బోధన, పొయ్యి టెక్నాలజీ. క్లాసులో నవ్వుకున్నాం గానీ, రాత్రి ఇంటికొచ్చి ఆ మూడు వృత్తాల బొమ్మ తీసి మళ్లీ చూసుకున్నాను.

హైస్కూల్లో పరికరాలకి లోటు లేదు. గోడకి పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్ ఉంది. పిల్లలు దాన్ని పెద్ద టీవీ అంటారు. పుస్తకాలు రెండు భాషల్లో, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో పాఠాలు వస్తాయి. 2017 సెప్టెంబరు 5న మొదలైంది అది. ఇవన్నీ చూసి నా పని తేలికైపోయిందనుకున్నాను.

నవంబరులో 9వ తరగతికి ‘పరమాణు నిర్మాణం’ పాఠం. పలచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలనే ధనావేశపు సూక్ష్మ కణాలని వదిలి, పరమాణువు లోపల ఏముందో చూసిన రూథర్‌ఫోర్డ్ ప్రయోగం మీద 14 నిమిషాల వీడియో దొరికింది. రంగులు, సంగీతం, ఎగిరే ఆల్ఫా కణాలు, అన్నీ ఉన్నాయి. పెట్టాను. పిల్లలు కదలకుండా చూశారు. క్లాసు ఇంత నిశ్శబ్దంగా ఉందంటే పాఠం అందుతోందనే నమ్మాను. వీడియో అయ్యాక అడిగాను: “రూథర్‌ఫోర్డ్ బంగారమే ఎందుకు తీసుకున్నాడు?” చాలాసేపటికి ఒక అబ్బాయి లేచి “ఖరీదైంది కదండి” అన్నాడు. మిగతావాళ్లు తల దించుకున్నారు. వీలైనంత పలచని రేకు కావాలి, బంగారాన్ని అలా సాగగొట్టొచ్చు అన్న మాట వీడియోలో ఉంది. కానీ అది వేగంగా నడిచిన ఇంగ్లీషులో ఉంది, మా పిల్లలది ఆ ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నా వాళ్లు ఆలోచించేది మన తెలుగులోనే.

వెనక బెంచీలో కూర్చుని చూస్తున్న స్కూలు సైన్స్ మేడమ్ బయటికొచ్చాక ఒక్కటే అడిగారు. “వీడియో చెప్పిందమ్మా, బానే చెప్పింది. ఆ 14 నిమిషాలూ పిల్లలేం చేశారు?” నా దగ్గర జవాబు లేదు. లెసన్ ప్లాన్‌లో ‘విద్యార్థి కృత్యం’ అన్న గడిలో నేను రాసింది ‘వీడియో చూచుట’ అని.

ఆ వారమే నన్ను నేను రికార్డు చేసుకోవడం మొదలుపెట్టాను. హెడ్‌మాస్టారి అనుమతి తీసుకుని, పిల్లల ముఖాలు పడకుండా చివరి బెంచీ వెనక పాత ఫోను నిలబెట్టేదాన్ని. చూసుకుని, రాసుకుని, చెరిపేసేదాన్ని. ఇంటర్న్‌షిప్ మొత్తంలో ఏ ఒక్క సాధనం నాకు ఎక్కువ ఉపయోగపడిందంటే ఈ పాత ఫోనే అంటాను. మొదటి రికార్డింగులోనే తెలిసింది, ప్యానెల్ ఉన్నంతసేపూ నేను పిల్లలకి వీపు చూపించి తెరతో మాట్లాడుతున్నానని. నల్లబల్ల మీద రాసేటప్పుడు పక్కకి తిరిగి నిలబడటం మైక్రో టీచింగ్‌లో, అంటే ఒక్కో నైపుణ్యాన్ని కొద్ది నిమిషాల పాఠంతో సాధన చేయడంలో, నేర్పారు, అది అలవాటైంది. తెర ముందుకొచ్చేసరికి అది పోయింది. 40 నిమిషాల్లో నేను 11 ప్రశ్నలు అడిగాను. వాటిలో తొమ్మిది ప్రశ్నలకి క్లాసంతా కలిసి “అవునండి” అంటే సరిపోయేది. అలాంటి ప్రశ్నకి జవాబు వచ్చినా ఎవరికి అర్థమైందో తెలియదు.

అందుకే నా స్నేహితురాలూ నేనూ సాయంత్రాలు స్కూలు వరండాలో మళ్లీ మైక్రో టీచింగ్‌కి వెళ్లాం. మొదటి ఏడాది చేసిన ఆ 36 నిమిషాల చక్రమే: 6 నిమిషాలు చెప్పడం, 6 సలహాలు, 12 మళ్లీ ప్లాన్, 6 మళ్లీ చెప్పడం, 6 మళ్లీ సలహాలు. ఈసారి సాధన చేసింది ఒకే నైపుణ్యం. వీడియోని ఎక్కడ ఆపాలి, ఆపి ఏం అడగాలి. వినడానికి చిన్న పని. మొదటి మూడు రోజులూ ఆపినచోటల్లా నేనే జవాబు చెప్పేశాను. ఆగి, తెలుగులో ప్రశ్న అడిగి, పది అంకెలు లెక్కపెట్టుకుంటూ మౌనంగా నిలబడటం నాకు చాలా కష్టమైంది. కొత్త టీచర్లకి ఆ మౌనం భయమేస్తుంది. ఏ యాప్ నేర్చుకోవడం కన్నా ముందు అది అలవాటు చేసుకోండి.

తర్వాతి వారం అదే పాఠం ఇంకో సెక్షన్‌కి చెప్పాను. ఈసారి వీడియో లేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే మనం మార్చి చూడగలిగే ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి. దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. తెర వెలిగించక ముందు, రూథర్‌ఫోర్డ్ కన్నా ముందు థామ్సన్ ఊహించిన పరమాణువు బొమ్మని నోట్సులో గీయించాను. మన పుస్తకం దాన్ని పుచ్చకాయతో పోలుస్తుంది, ఎర్రటి గుజ్జంతా ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. “ఈ పుచ్చకాయలోకి ఆల్ఫా కణాన్ని వదిలితే ఎటు పోతుంది? బాణం గీయండి.” అందరూ గీశాక తెర పెట్టాను. ముందు థామ్సన్ నమూనా. కణాలు నేరుగా పోయాయి. తర్వాత రూథర్‌ఫోర్డ్ నమూనా, ధనావేశమంతా మధ్యలో చిన్న కేంద్రకంలోనే ఉండేది. ఒక కణం వచ్చిన దారినే వెనక్కి తిరిగేసరికి “అదేంటండీ!” అని మూడు బెంచీలు లేచాయి. తాము గీసిన బాణం తప్పయినప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నకి పదును ఉంటుంది. బాణం గీయకుండా అదే తెర చూస్తే ఆ ప్రశ్న పుట్టదు. మా మెథడ్ మేడమ్ చెప్పిన గిన్నె మారడమంటే ఇదేనని నాకు అప్పుడు తట్టింది.

డిసెంబరులో ఒకరోజు పాఠం మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టరు ఆఫీసు గదికే. నా పాఠమంతా పెన్‌డ్రైవ్‌లో ఉంది, నల్లబల్ల మీద అప్పటికి ఒక్క గీత కూడా లేదు. పది నిమిషాలు ఏదో నోటితో చెప్పి, మిగతా పీరియడ్ పుస్తకం చదివించాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి లెసన్ ప్లాన్‌లో స్కేలు పెట్టి కొత్త గడి గీశాను, దాని పేరు ‘కరెంటు పోతే’. ఎదురుగా, తెర చేసే పనిని సుద్దముక్కతోనో తాడుతోనో పిల్లల చేతులతోనో ఎలా చేయిస్తానో రాయాలి. అది నింపుతూ పోతే ఒక విషయం బయటపడింది. కొన్ని పాఠాల్లో ఆ గడిలో రాసిందే అసలు పాఠం కన్నా బాగుండేది. అప్పుడు తెర తీసేసేదాన్ని. ఎంత ఆలోచించినా ఆ గడి నిండని పాఠాలు కొన్ని ఉండేవి. తెర నిజంగా కావాల్సింది వాటికే. పరమాణువు అలాంటిది, కంటికి కనపడదు. ధ్వని వేగం అలాంటిది, చేతి గడియారానికి చిక్కదు.

ఆ ధ్వని పాఠం గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ఫిబ్రవరి. ముందు ప్రశ్న అడిగాను: “చప్పుడు పుట్టగానే మనకి వినిపిస్తుందా, ఆలస్యంగానా?” వెంటనే అని సగం మంది. ముందు బెంచీ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: “మా నాన్న దింపు తీస్తారండి. తోట ఈ చివర నేనుంటే, ఆ చివర గెల నేల మీద పడ్డం ముందు కనపడుద్దండి, దబ్బుమని తర్వాత వినపడుద్ది.” మా నాన్నా కొబ్బరి దింపు కూలీయే. ఇన్నేళ్లు ఆ తోటల్లో తిరిగి నేనెప్పుడూ పట్టించుకోనిది ఆ పిల్ల చూసింది. వెంటనే ఇంకొకడు “అంతర్వేది తీర్థంలో జువ్వలు కూడా అంతేనండి” అన్నాడు. మరి ఆ ఆలస్యం ఎంత? కొలుద్దామా?

ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసింది. ఫోనులోని మైకు, సెన్సర్లనే కొలత సాధనాలుగా మారుస్తుంది. అందులో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. ఒక చప్పుడుకి మొదలై, ఇంకో చప్పుడుకి ఆగుతుంది. రెండు ఫోన్లు చాలు. ఒకటి నాది, ఒకటి సైన్స్ మేడమ్‌ది. పిల్లలని ఫోన్లు తెమ్మనలేదు. అలా అడిగితే ఇంట్లో ఫోను లేని పిల్లలెవరో క్లాసులో అందరికీ తెలిసిపోతుంది. ఇంటర్న్‌షిప్ పొడవునా నేను తప్పకుండా పాటించిన నియమం అది.

పీఈటీ సారు దగ్గర కబడ్డీ కోర్టు కొలిచే టేపు అడిగి తెచ్చాం. వరండాలో 20 మీటర్ల దూరంలో రెండు ఫోన్లు. మొదటి ఫోను దగ్గర ఒకరు చప్పుడు చేస్తారు. ఆ ఫోను వెంటనే మొదలవుతుంది, రెండోది చప్పుడు అక్కడికి చేరాక మొదలవుతుంది. తర్వాత రెండో ఫోను దగ్గర చప్పుడు. అది వెంటనే ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. రెండు ఫోన్లు చూపించే కాలాల తేడా అంటే ధ్వని 40 మీటర్లు వెళ్లడానికి పట్టిన కాలం. ఈ ముక్క బల్ల మీద బొమ్మ గీసి రెండుసార్లు చెప్పినా సగం మందికి ఎక్కలేదు. ఇద్దరు పిల్లలని ఫోన్లుగా నిలబెట్టి, మూడో పిల్లని ‘చప్పుడు’గా వాళ్ల మధ్య నడిపిస్తే అందరికీ ఎక్కింది.

మొదటి పది కొలతలూ తప్పే. చప్పట్లు కొడితే 20 మీటర్ల అవతల ఫోనుకి అందలేదు. మైకు సున్నితత్వం పెంచితే కాకి అరిచినా, రోడ్డు మీద ఆటో హారన్ కొట్టినా గడియారం మొదలైపోయేది. వంటగది నుంచి స్టీలు కంచం తెచ్చి గరిటెతో కొట్టారు. కంచం మోగుతూనే ఉండటంతో, మొదలైన గడియారం ఆ మోతకే ఆగిపోయింది. “మోగేది కాదండి, టక్కున ఆగిపోయేది కావాలి” అని ఒక అబ్బాయి పరిగెత్తి రెండు చెక్కముక్కలు తెచ్చాడు. నేను చెప్పలేదు. మధ్యాహ్న భోజనాల గోల ముగిసేదాకా ఆగి, చెక్కలతో మళ్లీ మొదలుపెట్టాం. ఫోన్లు మగపిల్లలే పట్టుకుంటున్నారని గమనించి, రెండు ఫోన్ల దగ్గరా అమ్మాయిలని కూర్చోబెట్టాను.

0.113, 0.117, 0.115 సెకన్లు. సగటు 0.115. నలభైని దాంతో భాగిస్తే సుమారు 348. పిల్లలు పుస్తకం తెరిచారు. అందులో 22 డిగ్రీల దగ్గర సెకనుకి 344 మీటర్లు అని ఉంది. “తప్పొచ్చిందండి” అన్నారు దిగులుగా. నేను ఏమీ అనలేదు. పది అంకెలు లెక్కపెట్టుకున్నాను. ఆ దింపు కూలీ గారి అమ్మాయే ఇంకో వాక్యం పట్టుకుంది. సున్నా డిగ్రీల దగ్గర 331, 22 దగ్గర 344. “వేడి పెరిగితే వేగం పెరుగుతుందని ఉందండి. ఈ వేళ ఇక్కడ 22 డిగ్రీలేంటండి?” ల్యాబ్‌లోంచి థర్మామీటరు తెచ్చి చూస్తే 30. మూడు కొలతలతో అంత గట్టిగా తేల్చలేమని, ఇంకా చాలాసార్లు కొలవాలని చెప్పాను. నిజమే చెప్పాలి కదా. కానీ తమ అంకెకీ పుస్తకంలో అంకెకీ మధ్య తేడాకి కారణం వెతికిన ఆ పిల్లల ముఖాలు చూశాక, బీఎడ్‌లో నేనెందుకు చేరానో నాకు మళ్లీ గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున్నే ముగ్గురు పిల్లలు నా కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆదివారం రాత్రి అవతలి ఒడ్డున అమ్మవారి జాతర. మా గట్టు మీద కూర్చుని, నాన్న ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, జువ్వ వెలుగుకీ చప్పుడుకీ మధ్య కాలం కొలిచారు. 2.0, 1.9, 2.2 సెకన్లు. సగటుని మా 348తో గుణించారు. “గోదారి వెడల్పు ఏడొందల మీటర్లండి!”

పీరియడ్‌లో ప్యానెల్ మీద ఉపగ్రహ పటం తెరిచాను. కొబ్బరితోటలు, చేపల చెరువులు, మధ్యలో నది. పిల్లలు ముందు తమ ఇళ్లు వెతుక్కున్నారు, వెతుక్కోనిచ్చాను. తర్వాత వాళ్లు కూర్చున్న గట్టు నుంచి అవతలి గుడి దాకా దూరం కొలిచే గీత గీయమన్నాను. 650 మీటర్లు వచ్చింది. యాభై మీటర్లు ఎక్కడికి పోయాయి? బటన్ నొక్కడంలో ఆలస్యమని కొందరు, రాత్రి చల్లగా ఉంది కాబట్టి 348 వాడకూడదని ఒకడు. చల్లదనానికి అంత తేడా రాదని వాడే బల్ల మీద లెక్కేసి చూపించి కూర్చున్నాడు.

కొలిచిన ముగ్గురిలో చిన్నదాన్లా ఉండే అమ్మాయి తెర దగ్గరికొచ్చి, గుడి మీద వేలు పెట్టి, దాన్ని ఇంకొంచెం అవతలికి జరిపింది.

“జువ్వ గుడి మీద పేల్లేదండి. గుడి దాటాక, ఆ చేల మీద పైకెళ్లి పేలింది. మరి పైకి వెళ్లిన ఎత్తు ఎలా కలపాలండి?”

సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఒక త్రిభుజం గీశాను.